ఎస్పెరాంటో పదాలను విడదీసి చదవడం: పదనిర్మాణ అధ్యయనానికి సమగ్ర మార్గదర్శి

వేర్వేరు దేశాలవాళ్ళు మాట్లాడుకోవడానికి వీలుగా తయారుచేసిన భాష ఎస్పెరాంటో, అందులో ఆసుపత్రిని మల్సనులెయో అంటారు. ఈ మాటను మల్-సన్-ఉల్-ఎయ్-ఓ అని ఐదు ముక్కలుగా విడదీయవచ్చు. సన్ అంటే ఆరోగ్యంగా ఉండడం, మల్ దానికి విరోధం, ఉల్ ఆ లక్షణం గల మనిషి, ఎయ్ చోటు, ఓ నామవాచకమని తెలిపే గుర్తు. ఆరోగ్యం లేనివాళ్ళు ఉండే చోటు అని అర్థం తేలుతుంది. ఇలా ముక్కలు చేయడం వస్తే భాష వచ్చేసినట్టేనని పరిచయ వ్యాసాలు చాలావరకు చెబుతాయి, కానీ అది సగమే నిజం. ముక్కలను గుర్తించడం ఒక వారం పని. ఒక్కొక్క ధాతువు తనలో దాచుకున్న వ్యాకరణ స్వభావాన్ని పట్టుకోవడమే అసలు పని, ఈ భాష గురించి భాషాశాస్త్రజ్ఞులు వందేళ్ళకు పైగా వాదించుకున్నదీ దాని గురించే. ఈ పనిలో తెలుగు చదువుకున్నవారికి కొంత మేలైన సరంజామా ముందే ఉంది. ధాతువు, ప్రత్యయం, సమాసం, విగ్రహవాక్యం అనే మాటలు మనకు బడిలోనే పరిచయమయ్యాయి గనుక వాటినే ఇక్కడ పనిముట్లుగా వాడుకుందాం.

పని మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసిన చరిత్ర కొద్దిగానే ఉంది. అప్పటి రష్యా సామ్రాజ్యంలోను, ఇప్పటి పోలండ్‌లోను ఉన్న బియావిస్తోక్ పట్టణంలో 1859లో పుట్టిన కంటి వైద్యుడు లుద్విక్ జామెన్‌హోఫ్, తాను తయారుచేసిన ఈ భాషను పరిచయం చేస్తూ 1887 జులై 26న వార్సాలో రష్యన్ భాషలో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. అందులో 16 నియమాలు, తొమ్మిది వందలకు పైగా ధాతువులు ఉన్నాయి. రచయిత పేరు స్థానంలో డాక్టర్ ఎస్పెరాంటో అని ఉంది, తరువాత ఆ మారుపేరే భాషకు పేరైంది. 1905లో ఫ్రాన్స్‌లోని బులోన్-స్యుర్-మేర్‌లో జరిగిన తొలి ప్రపంచ మహాసభ, ఆ ఏడే వచ్చిన ఫుందమెంతో అనే గ్రంథాన్ని భాషకు మార్చరాని పునాదిగా అంగీకరించింది. మన అధ్యయనానికి మూలగ్రంథం ఇదే.

మొదటి మెట్టు: లిపి సంగతి తేల్చుకోవడం

ఎస్పెరాంటోను లాటిన్ అక్షరాలలో రాస్తారు. అక్షరానికి ఒకే ధ్వని, ధ్వనికి ఒకే అక్షరం గనుక తెలుగు లిపిలో రాసుకోవడం కష్టం కాదు, పైగా మనకు ఒక చిత్రమైన సౌకర్యం కూడా ఉంది. ఈ భాషలో 'త్స' అని పలికే ఒక హల్లు ఉంది, అది చలి, చాప అనే మాటల మొదట మనం పలికే దంత్య చకారమే. పాత తెలుగు పుస్తకాలు దానిని ౘ అని రాసేవి. జల్లెడలోని దంత్య జకారానికి దగ్గరగా ఉండే మరో హల్లుకు ౙ సరిపోతుంది. మెజర్ అన్న ఇంగ్లీషు మాట నడుమ వినిపించే ధ్వనికి తెలుగులో అక్షరం లేదు గనుక దానికి ఇక్కడ ఝ వాడుతున్నాను.

హ్రస్వ దీర్ఘాల భేదం ఈ భాషలో అర్థాన్ని మార్చదు, ఊనిక ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చు మీద పడుతుంది. చదవడానికి వీలుగా ఉంటుందని చివర వచ్చే ఓ, ఆ, ఏ గుర్తులను దీర్ఘంగాను, మిగిలిన అచ్చులను హ్రస్వంగాను రాస్తున్నాను. మీ నోటు పుస్తకంలో ఏ పద్ధతి పెట్టుకున్నా సరే, ముక్కల మధ్య అడ్డగీత పెట్టడం మాత్రం మానవద్దు.

రెండో మెట్టు: చివరి గుర్తును తీసి పక్కన పెట్టడం

ఏ మాట ఎదురైనా ముందు దాని చివర చూడాలి. ఓ ఉంటే నామవాచకం, ఆ ఉంటే విశేషణం, ఏ ఉంటే క్రియావిశేషణం, ఇ ఉంటే 'చేయుట' వంటి క్రియారూపం. క్రియకు వర్తమానంలో అస్, భూతంలో ఇస్, భవిష్యత్తులో ఒస్, 'అయితే' అనే ఊహలో ఉస్, ఆజ్ఞలో ఉ వస్తాయి. బహువచనానికి య్, ద్వితీయా విభక్తికి న్ చేరుతాయి. ఇవన్నీ ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి గనుక వీటి దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు.

ఆగవలసిన చోటు 16 నియమాలలో 11వది. సమాసాలు పదాలను పక్కపక్కన చేర్చడం వల్ల ఏర్పడతాయని, ప్రధాన పదం చివర ఉంటుందని చెప్పిన తరువాత, వ్యాకరణపు గుర్తులను కూడా స్వతంత్ర పదాలుగానే చూడాలని ఆ నియమం అంటుంది. ఎస్పెర్-అంత్-ఓ అనే మాటనే తీసుకోండి. ఎస్పెర్ అంటే ఆశించు, అంత్ 'చేస్తున్న' అనే అర్థాన్ని ఇస్తుంది, ఓ దానిని నామంగా నిలబెడుతుంది. తెలుగులో 'ఆశిస్తున్న' అనే విశేషణానికి 'వాడు' చేర్చినట్టే ఇది కూడా ఏర్పడింది. అయితే మన 'తనం' గాని 'గాడు' గాని ఒంటరిగా వాక్యంలో నిలవలేవు. ఎస్పెరాంటో ప్రత్యయాలు నిలుస్తాయి. పనిముట్టును తెలిపే ఇల్ ప్రత్యయానికి ఓ చేరిస్తే ఇలో, అంటే పనిముట్టు. చోటును తెలిపే ఎయ్ నుంచి ఎయో, గుంపును తెలిపే అర్ నుంచి అరో, విరోధాన్ని తెలిపే మల్ నుంచి 'అందుకు విరుద్ధంగా' అనే అర్థంలో మలే వస్తాయి. ప్రత్యయానికీ ధాతువుకూ మధ్య గోడ ఇంత పలుచగా ఉండడమే ఈ భాష అధ్యయనంలో మొదట గమనించవలసిన విశేషం.

మూడో మెట్టు: ధాతువు ఏ జాతిదో నిర్ణయించడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

బ్రొసో అంటే బ్రష్షు. దాని నుంచి బ్రొసి అంటే బ్రష్ చేయుట. ఈ రెండూ నేర్చుకున్న వెంటనే నేను కొంబి అంటే దువ్వుట గనుక కొంబో అంటే దువ్వెన అయి తీరాలనుకున్నాను. కాదు. కొంబో అంటే దువ్వడమనే పని, దువ్వెన కావాలంటే కొంబ్-ఇల్-ఓ అనాలి. రెండు ధాతువులకూ గుర్తులు ఒకటే, నియమాలు ఒకటే, ఫలితాలు మాత్రం వేరు. బ్రొస్ అనే ధాతువు పుట్టుకతోనే ఒక వస్తువు పేరు, కొంబ్ పుట్టుకతోనే ఒక పని పేరు కావడం వల్ల ఈ తేడా వచ్చింది. వస్తువుకు ఇ చేరిస్తే ఆ వస్తువుతో చేసే పని వస్తుంది, పనికి ఓ చేరిస్తే ఆ పనికే పేరు వస్తుంది.

తెలుగులో కూడా సరిగ్గా ఇదే తేడా ఉంది. దువ్వు అనే క్రియ నుంచి దువ్వెన పుట్టింది, బ్రష్షు అనే నామం నుంచి 'బ్రష్ చేయు' పుట్టింది. ఒకచోట పనికి ప్రత్యయం చేర్చి వస్తువును, మరోచోట వస్తువుకు 'చేయు' చేర్చి పనిని తయారుచేసుకున్నాం. అందుకే కొత్త ధాతువు ఎదురైనప్పుడల్లా తెలుగులో ఏది ముందు, ఏది దాని నుంచి వచ్చింది అని అడగడం మంచి అలవాటు. అన్నిసార్లూ జవాబు కలవదు. కలవని చోట నిఘంటువే గతి. ఊడ్చుటకు బలయి అంటారు, అది పని ధాతువు గనుక చీపురు బలయిలో అవుతుంది. తాళం వేయుటకు ష్లొసి, తాళంచెవికి ష్లొసిలో. సుత్తి మాత్రం మర్తెలో, అది వస్తువు ధాతువు గనుక దానికి ఇల్ అక్కరలేదు, కొట్టడాన్ని మర్తెలి అంటే చాలు.

ధాతువు జాతిని కనుక్కోవడానికి ఫుందమెంతోలో ఉన్న ఉనివెర్సలా వొర్తరో అనే పదపట్టికను తెరవాలి. అందులో ప్రతి ధాతువుకూ ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్, రష్యన్, పోలిష్ భాషలలో అర్థాలు ఇచ్చారు. ఇంగ్లీషు మాట చూస్తే మోసపోతారు, ఎందుకంటే బ్రష్, కోమ్ రెండూ ఇంగ్లీషులో నామాలూ క్రియలూ కూడా. ఫ్రెంచి, జర్మన్ అర్థాలు చూస్తే బ్రొస్ ఎదుట వస్తువు పేరు, కొంబ్ ఎదుట క్రియ కనిపిస్తాయి. అనుమానం అక్కడ తీరుతుంది.

ఈ మెట్టు వెనుక పెద్ద వివాదమే ఉంది. ఫ్రెంచి తార్కికుడు లూయీ కూత్యురా 1907లో ఇలా ఆక్షేపించాడు: క్రొనో అంటే కిరీటం, క్రొని అంటే కిరీటం పెట్టుట అయితే, క్రొనికి తిరిగి ఓ చేరిస్తే కిరీటం పెట్టడమనే అర్థం రావాలి గదా, మళ్ళీ కిరీటం ఎలా వస్తుంది? వెళ్ళిన దారినే తిరిగి రాగలగాలన్నది అతని సూత్రం. ఆ సూత్రం మీదనే ఎస్పెరాంటోను సంస్కరించి ఇదో అనే భాషను తయారుచేశారు, అందులో కిరీటం పెట్టుటకు క్రొనిౙర్ అని వేరే ప్రత్యయంతో చెప్పాలి. ఆధునిక భాషాశాస్త్రానికి ఆద్యుడిగా పేరొందిన ఫెర్దినాఁ ద సొస్యూర్ తమ్ముడు, గణితజ్ఞుడు రెనే ద సొస్యూర్, 1910 ప్రాంతంలో దీనికి సమాధానం ఇచ్చాడు. ధాతువు ఖాళీ పాత్ర కాదని, దానికి తనదైన వ్యాకరణ స్వభావం ఉంటుందని, క్రొన్ నామ ధాతువు గనుక ఏ గుర్తు చేరినా కిరీటం దానిలోనే ఉంటుందని అతను వాదించాడు. కిరీటధారణకు క్రొన్-అద్-ఓ అని పనిని తెలిపే అద్ ప్రత్యయం చేర్చుకోవాలి. అర్థానికి అవసరమైన ముక్కలన్నీ ఉండాలి, అవసరం లేనిది ఒక్కటీ ఉండకూడదు అన్నది అతని అవసర పర్యాప్తి సూత్రం. తరువాత కలోచాయ్, వారెంగ్యాఁ తమ పెద్ద వ్యాకరణంలో ఈ మార్గాన్నే విస్తరించారు, ఎస్పెరాంటో అకాడమీ 1967లో ధాతు స్వభావాన్ని అధికారికంగా ఆమోదించింది.

నా ఉద్దేశంలో కూత్యురా ప్రశ్న తప్పు కాదు, తర్కానికి ఇమిడే భాషను కోరుకున్నవాడు అడగవలసిన ప్రశ్నే. కానీ జామెన్‌హోఫ్ తార్కికుడిలా రాయలేదు, మాట్లాడేవాడిలా రాశాడు. సిద్ధాంతం తరువాతివాళ్ళు అతని వాడుకలోనుంచి తవ్వి తీసినది.

నాలుగో మెట్టు: ప్రత్యయాలను వరుస తప్పకుండా చదవడం

ప్రత్యయాల మీద జామెన్‌హోఫ్‌కు చూపు ఎలా మళ్ళిందో అతనే నికొలాయ్ బొరొవ్కోకు రాసిన లేఖలో చెప్పాడు. ద్వారపాలకుడి గదిని, మిఠాయి దుకాణాన్ని సూచించే రెండు రష్యన్ బోర్డుల మీద ఒకే చివరి భాగం కనబడి, ఒక మాట నుంచి ఎన్నో మాటలు చేసుకోవచ్చునన్న ఆలోచన వచ్చిందట. నేర్చుకునేవాడి మీద పడే నిఘంటువు బరువు అక్కడే తగ్గింది.

ఆ బరువు ఎంత తగ్గిందో చూడడానికి పశువుల కుటుంబం చాలు. బొవో అంటే గోజాతి జంతువు. స్త్రీత్వాన్ని తెలిపే ఇన్ చేరిస్తే బొవినో ఆవు, సంతానాన్ని తెలిపే ఇద్ చేరిస్తే బొవిదో దూడ, అర్ చేరిస్తే బొవరో మంద, ఎయ్ చేరిస్తే బొవెయో కొట్టం, పదార్థాన్ని తెలిపే అఝ్ చేరిస్తే బొవఝో గొడ్డుమాంసం. మనం ప్రతిదానికీ వేరే మాట నేర్చుకున్నాం. వానకు ప్లువో, పెద్దదనాన్ని తెలిపే ఎగ్ చేరిస్తే ప్లువెగో, చిన్నదనాన్ని తెలిపే ఎత్ చేరిస్తే ప్లువెతో. జడివాన, కుంభవృష్టి, జల్లు, తుంపర అనే మన మాటల మధ్య ఉన్న ఛాయలు ఈ రెంటిలోనూ ఇమడవు. పొదుపు చేసిన చోట కొంత పోతుంది.

బంధుత్వాల దగ్గర మనకు ఇది మరీ తెలుస్తుంది. వివాహం వల్ల వచ్చిన చుట్టరికానికి బొ అనే ఉపసర్గ ఉంది, ఫ్రెంచివాళ్ళు మామగారిని పిలిచే మాటలోని మొదటి భాగం నుంచి దానిని తీసుకున్నారు. ఫ్రతో అంటే సోదరుడు గనుక బొఫ్రతో అంటే బావ, మరిది, బావమరిది ఎవరైనా కావచ్చు. మేనబావనూ పెదనాన్న కొడుకునూ కూడా కుౙో అనే ఒక్క మాటే మోయాలి. స్త్రీ పురుషులను కలిపి చెప్పే గె ఉపసర్గ జర్మన్ నుంచి వచ్చింది. గెపత్రోయ్ అంటే తల్లిదండ్రులు.

ప్రత్యయాలు ఒకటికంటే ఎక్కువ ఉన్నప్పుడు ధాతువు నుంచి బయటికి ఒక్కొక్క పొర చదవాలి. అర్బ్ అంటే చెట్టు. అర్బ్-అర్-ఎత్-ఓ అన్నప్పుడు ముందు చెట్ల గుంపు, అంటే అడవి, తరువాత దానికి చిన్నదనం చేరి చిన్న అడవి అవుతుంది. అర్బ్-ఎత్-అర్-ఓ అన్నప్పుడు ముందు చిన్న చెట్టు, తరువాత వాటి గుంపు, అంటే పొదల గుబురు. ముక్కలు అవే, వరుస మారగానే వస్తువే మారింది. మీ నోటు పుస్తకంలో ఇలాంటి జంటలకు ఒక పేజీ కేటాయించండి.

మల్ ఉపసర్గను ప్రత్యేకంగా చూడాలి. ఫ్రెంచి తెలిసినవారు దీనిని 'చెడు' అని పొరబడతారు. ఇది కేవలం ఎదుటి కొసను చూపుతుంది. వర్మా వేడి, మల్వర్మా చల్లన. అల్తా ఎత్తు, మలల్తా పొట్టి. మన శాస్త్రకారులు సంస్కృతంలో 'కాదు, లేదు' అని చెప్పే నఞ్‌కు సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత, అప్రాశస్త్యం, విరోధం అని ఆరు అర్థాలు చెప్పారు. ఎస్పెరాంటోలో విరోధం మాత్రమే మల్‌కు దక్కింది, అభావానికి నె ఉంది, అప్రాశస్త్యానికి దగ్గరగా నైతిక నీచత్వాన్ని తెలిపే ఫి ఉంది. నెబొనా అంటే మంచిది కానిది, మల్బొనా అంటే చెడ్డది. ఈ రెంటినీ కలిపేస్తే అనువాదం దెబ్బతింటుంది. పదే పదే మల్ వినలేక కవులు మల్లొంగా బదులు కుర్తా, మల్యునా బదులు ఒల్దా వంటి కొత్త ధాతువులను తెచ్చారు. కవిత్వంలో అవి బతికాయి గాని సామాన్య వాడుకలో మల్ స్థానాన్ని తీసుకోలేదు.

నియమం లేని ప్రత్యయం ఒకటే ఉంది, ఉమ్. దీనికి స్థిరమైన అర్థం లేదని ఫుందమెంతోయే ఒప్పుకుంది. మెడను తెలిపే కొలో నుంచి కాలరు అనే అర్థంలో కొలుమో, మెదడును తెలిపే ౘెర్బో నుంచి బుర్ర బద్దలు కొట్టుకొనుటకు ౘెర్బుమి, చల్లన నుంచి జలుబు చేయుటకు మల్వర్ముమి పుట్టాయి. వీటిని కంఠస్థం చేయడమే మార్గం.

ఐదో మెట్టు: ఇగ్, ఇజ్ జంట

చాలా మంది విద్యార్థులు ఇక్కడ తడబడతారు, తెలుగువారు తడబడనవసరం లేదు. విశేషణ ధాతువులకు ఇగ్ అంటే బరచు, ఇజ్ అంటే బడు. ఫొర్తా బలమైన, ఫొర్తిగి బలపరచుట, ఫొర్తిజి బలపడుట. రుజా ఎర్రని, రుజిగి ఎర్రబరచుట, రుజిజి ఎర్రబడుట.

క్రియా ధాతువుల విషయంలో మళ్ళీ ధాతువు స్వభావమే అడ్డం వస్తుంది. కొన్ని ధాతువులు పుట్టుకతో అకర్మకాలు. బ్రులి కాలుట, బ్రులిగి కాల్చుట. బొలి మరుగుట, బొలిగి మరిగించుట. కొన్ని పుట్టుకతో సకర్మకాలు. ఫెర్మి మూయుట, ఫెర్మిజి మూసుకొనుట. తలుపు తనంతట మూసుకుంది అనడానికి ఫెర్మిజిస్ అనాలి, ఫెర్మిస్ అంటే ఎవరో దేన్నో మూశారని అర్థం. ఈ మూడు జంటలలోను తెలుగులో ఏ రూపం మూలమో ఎస్పెరాంటోలో కూడా అదే మూలం. 'మొదలు' దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. కొమెంౘి అంటే మొదలుపెట్టుట గనుక సభ మొదలైంది అన్నప్పుడు కొమెంౘిజిస్ అనాలి, ఇజ్ మరిచిపోవడం అందరూ చేసే తప్పు. ప్రతి క్రియను నోటు పుస్తకంలో రాసేటప్పుడు పక్కన 'స' గాని 'అ' గాని తప్పక వేసుకోండి.

ఆరో మెట్టు: సమాసానికి విగ్రహవాక్యం రాయడం

సమాసంలో ప్రధాన పదం చివర ఉంటుంది, మన తత్పురుషంలో లాగే. బిర్దొకంతో అంటే పిట్టపాట, కంతొబిర్దో అంటే పాటపిట్ట. నడుమ వచ్చిన ఒ పలకడానికి వీలుగా వచ్చే ఆగమం వంటిది, అక్కరలేకపోతే మానేయవచ్చు. సంధి లేదు, ధాతువు ఆకారం ఎక్కడా మారదు. మన ఇల్లు, ఇంటికి, ఇళ్ళు వంటి మార్పులకు అలవాటైన కంటికి ఇది మొదట కొంత పొడిగా కనిపిస్తుంది.

రెండు పదాల మధ్య సంబంధం ఏమిటో సమాసం చెప్పదు, విభక్తితో విడదీసి మీరే రాసుకోవాలి. వపొర్‌షిపో ఆవిరితో నడిచే ఓడ, తృతీయా తత్పురుషం. స్క్రిబొతబ్లో రాయడానికి బల్ల, చతుర్థీ తత్పురుషం. బిర్దొకంతో పిట్ట యొక్క పాట, షష్ఠీ తత్పురుషం. బ్లుఒకులా నీలి కళ్ళు గల, ఇది బహువ్రీహి, ఇక్కడ చివరి ఆ గుర్తే 'గల' అనే పని చేస్తుంది. ఎస్పెరాంటో వ్యాకరణాలు ఈ సంబంధాల వర్గీకరణకు పేజీలకు పేజీలు వెచ్చిస్తాయి. మన పాత పేర్లతో ఆ పని త్వరగా తెములుతుంది.

ఏడో మెట్టు: రెండు రకాలుగా విడిపోయే మాటలు

ధాతువులు మారకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది, హద్దులు చెరిగిపోతాయి. సుకెరో అంటే పంచదార. కానీ సుక్ అంటే రసం, ఎర్ అంటే అణువంత భాగం గనుక సుక్-ఎర్-ఓ అని విడదీస్తే రసబిందువు. కొలెగో సహోద్యోగి, కొల్-ఎగ్-ఓ అయితే పెద్ద మెడ. దియమంతో వజ్రం, ది-అమ్-అంత్-ఓ అయితే దేవుణ్ణి ప్రేమించేవాడు. శ్లేష ఇష్టపడే మనకు ఇది పండగే. పరిశోధన దృష్టితో చూసినప్పుడు, వినేవాడు రెండు విభజనలలో ఒకదానిని ఎలా ఎంచుకుంటాడన్నది మంచి ప్రశ్న. ముందు నిఘంటువులో ముద్దగా ఉన్న ధాతువును వెతకండి, దొరికితే అదే అర్థమనుకోండి, దొరకకపోతేనే విడదీయండి.

ఎనిమిదో మెట్టు: వాడుకతో సరిచూడడం

నియమం ప్రకారం ఏర్పడగల ప్రతి మాటా వాడుకలో ఉండదు, వాడుకలో ఉన్న ప్రతి మాటా నియమం చెప్పినంత అర్థమే ఇవ్వదు. ఎల్షుతి అంటే ముక్కల ప్రకారం బయటికి గుమ్మరించుట, ఇప్పుడు దానికి డౌన్‌లోడ్ చేయుట అని అర్థం. రెతో అంటే వల, రెతెయో అంటే వెబ్‌సైటు. కొంపుతి లెక్కించుట, కొంపుతిలో కంప్యూటరు, ఇది దువ్వెన పద్ధతిలోనే ఏర్పడింది. పుట్టుకతో ఎస్పెరాంటో మాట్లాడేవాణ్ణి దెనస్కులో అంటారు. దె నుంచి, నస్క్ పుట్టు, ఉల్ మనిషి. మొదట చెప్పుకున్న మల్సనులెయోకు పక్కనే హొస్పితలో అనే ముద్ద మాట కూడా నడుస్తోంది. అంతర్జాతీయ పదాలను అలాగే తీసుకోవచ్చునన్న 15వ నియమం దానికి తలుపు తెరిచింది.

సరిచూడడానికి 1970లో తొలిసారి వచ్చిన ప్లెనా ఇలుస్త్రితా వొర్తరో పెద్ద నిఘంటువు, ఉచితంగా దొరికే రెతా వొర్తరో ఉన్నాయి. జామెన్‌హోఫ్ రచనల నుంచి ఇటీవలి పత్రికల వరకు వెతకనిచ్చే తెక్స్తరో అనే పాఠ్యసంచయం కూడా ఉంది. బెర్తిలో వెన్నెర్‌గ్రెన్ రాసిన వ్యాకరణం పదనిర్మాణం మీద చాలా వివరంగా ఉంటుంది.

చివరగా ఒక మాట మీరే తయారుచేసి చూడండి. ఉప్పులో ఊరవేయుటకు పెక్లి అంటారు, అది సకర్మక క్రియా ధాతువు. ఊరినదానికి అఝ్ చేర్చి పెక్లఝో అనాలి, ఉత్త పెక్లో అంటే ఊరవేయడమనే పని అవుతుంది. ముందు మంగో చేర్చితే మంగొపెక్లఝో, మామిడికాయ ఊరగాయ. వరుస తిప్పి పెక్లొమంగో అన్నారంటే ఊరగాయకు పనికివచ్చే కాయ అని అర్థం, బజారులో బేరమాడేటప్పుడు అడగవలసిన మాట అది. ఆవపిండి, నూనె సంగతి ఈ రెండు మాటలూ చెప్పవు. దానికి ఇంకో ధాతువు చేర్చాలో, లేక ఆవకాయనే 15వ నియమం కింద అవకయో అని తీసుకోవాలో మీరు తేల్చుకోవలసి ఉంటుంది.